మూడో డబ్బా

ఏప్రిల్ 3, ఉదయం

షట్టరు సగం ఎత్తానో లేదో ఒకావిడ వంగి లోపలికి వచ్చేసింది. రిటైరైన బస్సు కండక్టరట. చెప్పకపోయినా ఆ గొంతే చెప్పేస్తుంది. నా షాపు మెట్ల కింద గది. నేను, నా బల్ల పోగా ఇంకొక్క మనిషి నిలబడే చోటుంటుంది, అంతే. ఆవిడ నోరు విప్పేసరికి ఆ కాస్త చోటులోకి బస్సు మొత్తం ఎక్కినట్టయింది. మనసులో అప్పుడే కండక్టరమ్మ అని పేరు పెట్టేశాను.

వాచీ వాళ్ళన్నయ్యది. కీ ఇచ్చే పాత రకం. చేసిన కంపెనీ మూతపడి చాలా ఏళ్ళయింది. ఆయన ఇళ్ళకు వెళ్ళి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేశాడట. భార్య పోయింది, పిల్లలు లేరు. చలికాలంలో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, ఎడమ పక్క చచ్చుబడింది. ఇప్పుడు చెల్లెలే చూసుకుంటోంది. రోజూ ఫిజియో అమ్మాయి వచ్చి లేపబోతే, ఈ వాచీని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, అప్పుడు లేచేవాడట. వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసేవాడట.

వాచీ ఆగింది. ఆయనా ఆగిపోయాడు. బతిమాలినా, కసిరినా మంచం దిగడం లేదు. ఈ వేసవి దాటేలోపు నడిస్తే నడిచినట్టు, లేకపోతే ఇక మంచమే అన్నాడట డాక్టరు.

వెళ్తూ వెళ్తూ వేలు చూపించి మరీ చెప్పింది. లోపల అన్నీ అసలువే ఉండాలి, ఒక్కటి కూడా డూప్లికేట్ వెయ్యొద్దు, మా అన్నయ్యవి పాము చెవులు, ఇట్టే కనిపెట్టేస్తాడు అని. పాములకి చెవులుండవని నేననలేదు. బోణీ బేరం.

ఏప్రిల్ 3, మధ్యాహ్నం

వెనక మూత తీశాను.

నాన్న దగ్గర పని నేర్చుకున్నప్పటి నుంచి ఎన్ని వాచీలు విప్పానో లెక్క లేదు. అయినా మూత తీసిన ఆ మొదటి క్షణం నాకు ఇప్పటికీ కొత్తే. లోపలి రేకుల మీద అలలు అలలుగా చెక్కిన గీతలు. ప్రతి మర తలా నీలంగా కాల్చి ఉంది. ఇవన్నీ ఎవరు చూస్తారని? పెట్టుకున్నవాడు చూడడు, కొన్నవాడు చూడడు. నాలాంటిది ఏ పాతికేళ్ళకో ఒకసారి చూస్తుంది. నాకోసమే చేసి మూత పెట్టినట్టు అనిపిస్తుంది. ఈ మాట మా ఆయనతో అంటే ఒక వారం నవ్వుతాడు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అంత అందం మధ్యలో ఒక్కటి తేడాగా కనిపించింది. ప్యాలెట్.

ప్యాలెట్ అంటే బియ్యపుగింజలో సగం కూడా లేని చిన్న కొంకి. దానికి రెండు చేతులు, ఒక తోక. చేతుల చివర రెండు కెంపు రాళ్ళు, లక్కతో అతికించి ఉంటాయి. చక్రం పళ్ళని ఒక్కొక్కటే పట్టి వదిలేది ఇదే. టిక్ టిక్ చప్పుడంతా దీనిదే. ఈ వాచీలో ఉన్నది కంపెనీది కాదు. రంగు తేడా. అంచులు చెక్కిన తీరు తేడా. లక్క నల్లబడి, కాస్త ఎక్కువగా పట్టి ఉంది. తోక వెంట్రుకవాసి ఒక పక్కకు వంగింది.

వాచీని కదిపితే కాసేపు ఆడింది. టిక్ టిక్ విని గీత గీసే టైమింగ్ మెషీన్ మీద పెట్టాను. సరైన వాచీకి ఒకటే గీత వస్తుంది. దీనికి రెండు గీతలు, ఎడం ఎడంగా. ఒక టిక్ తొందరగా, ఒక టిక్ ఆలస్యంగా. మేము దీన్ని కుంటు అంటాం. మెయిన్‌స్ప్రింగు కూడా, అంటే వాచీకి బలమిచ్చే తీగచుట్ట, సత్తువ పోయి పడుంది, దాన్ని ఎలాగూ మారుస్తాం. అసలు దొంగ మాత్రం ఈ డూప్లికేట్ ప్యాలెట్టే. ఎవడో నాటు మెకానిక్ చేతికి దొరికినది దూర్చి పంపేశాడు. ఒళ్ళు మండింది.

ఏప్రిల్ 6

ఆన్‌లైన్‌లో జెన్యూన్ అని రాసి అమ్ముతున్న ప్యాలెట్ వచ్చింది. ఫోటోలో ధగధగలాడింది. ఐగ్లాసు పెట్టి చూస్తే ఒక రాయి వంకర, రెండోది రాయే కాదు, గాజు. లక్క బదులు జిగురు. ప్యాకెట్ మీద మాత్రం కంపెనీ గుర్తు అచ్చుగుద్దినట్టుంది. ఈ రోజుల్లో ముందు ప్యాకెట్‌కి డూప్లికేట్ చేస్తున్నారు, తర్వాత పార్టుకి.

జెనరిక్, అంటే వేరేవాళ్ళు చేసిన పార్టులు, అన్నీ చెత్తని కాదు. మెయిన్‌స్ప్రింగు మాటకొస్తే నేనే జెనరిక్ వేస్తాను. పాత ఒరిజినల్ స్ప్రింగులు వాడకుండా పడుండి పడుండి నీరసిస్తాయి, కొన్ని తుప్పు పడతాయి. కానీ ప్యాలెట్ అలా కాదు. దాని కొలత ఆ చక్రానికే పుట్టింది. అక్కడ రాజీ పడితే వాచీ బతికినన్నాళ్ళూ ఏడుస్తుంది.

మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. అన్నం తింటూ, మా బస్సుకి బ్రేకులు మారిస్తే ఇవి జెన్యూనా అంకుల్ అని ఒక్క పిల్లా అడగదే, మీ వాచీల వాళ్ళకే ఎందుకింత పట్టింపు అన్నాడు. ఆ బస్సులోనే కదా మన పిల్ల కూడా ఎక్కేది అన్నాను. ముద్ద మింగడానికి మంచినీళ్ళు కావలసి వచ్చాయి పాపం.

ఏప్రిల్ 8

లేదు. ఎవరి దగ్గరా లేదు. కండక్టరమ్మ ఫోను: అన్నయ్య ఇవాళ కూడా లేవలేదు.

ఏప్రిల్ 10

చివరికి డబ్బాల బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ముందే వెళ్ళాల్సింది. ఆయన దగ్గరికి వెళ్తే సగం రోజు పోతుందని వాయిదా వేశాను.

మూతపడ్డ కంపెనీల మిగులు సరుకు, కట్టేసిన షాపుల సరుకు, చనిపోయిన మెకానిక్కుల బల్లల్లో మిగిలిన సరుకు, అంతా చివరికి ఈయన గదికే చేరుతుంది. నేల నుంచి కప్పు దాకా డబ్బాలే. మందుల డబ్బాలు, పౌడరు డబ్బాలు, కెమెరా రీళ్ళ డబ్బాలు. ఒక్కదాని మీదా రాసి ఉండదు. ఏది ఎక్కడుందో ఆయనకి మాత్రమే తెలుసు. ఆయన మంచం కూడా డబ్బాల మీద వేసిన చెక్కే. పడుకుంటే కింద ఎన్ని ఆగిపోయిన వాచీలు ఉంటాయో అనిపిస్తుంది నాకు.

వాచీ నంబరు చెప్పాను. కళ్ళు మూసుకుని గాల్లో వేలితో ఏదో వెతుక్కుని, లేచి, కిటికీ పక్క నుంచి ఒక పౌడరు డబ్బా తీశాడు. అందులో మైనపు కాగితం పొట్లం. పొట్లంలో ప్యాలెట్. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఎవరూ ముట్టుకోనిది. రాళ్ళు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. నేను పుట్టకముందు ఎవరో మడిచిన మడత అది, ఇవాళ నేను విప్పాను.

బాబాయ్ దగ్గర ఒక పద్ధతుంది. పార్టు తీసుకుంటే, దాని స్థానంలో ఉన్న పాతది ఆయనకి ఇచ్చెయ్యాలి. విరిగిందైనా సరే. పాత ప్యాలెట్ చిన్న సీసాలో వేసి తీసుకెళ్ళాను. ఇది మీ డబ్బాకి కూడా పనికిరాదు బాబాయ్, నాటు సరుకు అన్నాను. ఆయన సీసా ఎత్తి వెలుగులో చూసి, నీకెందుకమ్మాయ్ నా డబ్బాల సంగతి అని జేబులో వేసుకున్నాడు.

ఏప్రిల్ 12

బిగించాను. కొత్త మెయిన్‌స్ప్రింగు, అసలు ప్యాలెట్. అన్నీ కడిగి, తుడిచి, నూనె వేశాను. రెండు మరలు బిగించి కీ ఇచ్చానో లేదో బ్యాలెన్సు చక్రం దానంతటదే ఊపిరి తీసుకుంది.

మెషీన్ మీద పెట్టాను. ఒకటే గీత, గీటురాయి మీద గీసినట్టు. రెండు గీతలు ఎడం ఎడంగా వచ్చిన వాచీయేనా ఇది? కంపెనీ గేటు దాటిన రోజు కూడా ఇంత బాగా ఆడి ఉండదు. దండం పెట్టాలనిపించింది. ఎవరికో తెలియలేదు.

ఏప్రిల్ 13

వాచీ ఇచ్చేశాను. హాయి.

ఏప్రిల్ 16

హాయి లేదు, ఏమీ లేదు. కండక్టరమ్మ వాచీతో తిరిగొచ్చింది. అన్నయ్య చెవి దగ్గర పెట్టుకున్నాడట, విన్నాడట, పక్కన పెట్టేశాడట. మళ్ళీ చేతికిస్తే తోసేశాడట. నిన్నయితే గోడవైపు తిరిగి పడుకున్నాడట.

నాకు కోపం వచ్చేసింది. వాచీ మెషీన్ మీద పెట్టి గీత చూపించాను. వెంట్రుకవాసి తేడా లేదండీ, మీరడిగినట్టే అసలు పార్టు వేశాను, దాని కోసం కాళ్ళరిగేలా తిరిగాను అన్నాను. ఆవిడా తగ్గలేదు. నీ బోడి మెషీను వినేది కాదు, వినేది మా అన్నయ్య అంది. ఇది ఆయన వాచీ కాదంటున్నాడు, నువ్వే వచ్చి చెప్పుకో అంది.

రేపు వెళ్తాను. వెళ్ళి ఆయనకే అర్థమయ్యేలా చెప్తాను. జబ్బు మనిషి, చెవి కూడా దెబ్బతిని ఉంటుంది.

ఏప్రిల్ 17

ఎక్కడ మొదలుపెట్టి రాయాలో తెలియడం లేదు.

రెండో అంతస్తు. పొడుగాటి వరండా చివర వాళ్ళ వాటా. మంచం కిటికీ పక్కన. గోడకి ఆనించి మడత వాకరు, దాని మీద ఉతికిన తువ్వాలు ఆరేసి ఉంది. ఇక దాంతో పని లేదని ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నట్టుంది. అది చూస్తేనే నాకు బాగా అనిపించలేదు. పెద్దాయన సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. మూతి ఒక పక్కకి జారింది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఆ కళ్ళు నన్ను మీటరు చూసినట్టు చూశాయి.

వాచీ ఇచ్చాను. విన్నాడు. దుప్పటి మీద మెల్లగా, మర్యాదగా పెట్టేశాడు.

నేను మంచం పక్కన కుర్చీ లాక్కుని పాఠం మొదలుపెట్టాను. ఇది ప్యాలెట్టండీ, ఇదివరకు ఉన్నది డూప్లికేట్, ఇప్పుడు ఒరిజినల్ వేశాను అని ఫోనులో ఫోటోలు చూపించాను. మొదట పాతదాని ఫోటో, తర్వాత కొత్తదాని ఫోటో. పాతదాని ఫోటో చూడగానే ఆయన కుడిచెయ్యి లేచింది. ఫోను గట్టిగా పట్టుకున్నాడు. ఇంకో చిత్రానికి జరపనివ్వలేదు. ఆ తర్వాత వేలు తన నోటి దగ్గరికి తీసుకెళ్ళి ముందు పళ్ళ మీద కొట్టి చూపించాడు. మళ్ళీ ఫోటో. మళ్ళీ పళ్ళు.

పళ్ళు అనగానే నాకు తట్టేది చక్రం పళ్ళే కదా. పళ్ళన్నీ బాగానే ఉన్నాయండీ, ఒక్కటి కూడా అరగలేదు, నేనే చూశాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ పళ్ళు కొట్టి చూపించాడు. చక్రం మార్చమంటున్నారా అన్నాను. కళ్ళు మూసుకున్నాడు. నా తెలివికి ఆయనకి నీరసం వచ్చి ఉంటుంది.

కండక్టరమ్మ వంటింట్లోంచి వచ్చి, పన్ను నొప్పేమో అంది. నోరు తెరిపించి చూడబోయింది. ఉండుంటే వదినే చూసేది, పళ్ళ డాక్టర్లకే పళ్ళు కట్టిన మనిషి అని గొణిగింది.

ఎవరు కట్టారు అన్నాను.

వదిన. పళ్ళ సెట్లు చేసే ల్యాబులో పని చేసేదట. డాక్టర్లు అచ్చు తీసి పంపితే తొడుగులు, కొక్కేలు, తీగలు, అన్నీ చేతితో చేసేదట. పెళ్ళికి ముందు నుంచీ అదే పని.

అంచులు చెక్కిన తీరు. ఫ్యాక్టరీ సాన చక్రం కాదు, పళ్ళ ల్యాబులో వాడే చిన్న రాపిడి బిళ్ళ. ఆ రంగు వాచీ ఉక్కుది కాదు, పంటి కొక్కేనికి వాడే ఉక్కుది. ఇది మీ ఆవిడ చేశారా అండీ అని పెద్దాయన్ని అడిగాను. ఆయన కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళ గురించి రాయను.

కండక్టరమ్మకి ఏమీ తెలియదు. ఒకప్పుడు వాచీ నీళ్ళ బకెట్లో పడి, పాడై, పార్టు దొరకదని షాపులవాళ్ళంతా చేతులెత్తేశారట. చాన్నాళ్ళ తర్వాత మళ్ళీ అన్నయ్య చేతికి కనిపించింది. ఎక్కడ బాగుచేయించావు వదినా అంటే, ఉందిలే ఒక చోటు అందట. ఆడపడుచుకి చెప్పడం ఇష్టం లేక దాచిందని ఈవిడ ఇన్నాళ్ళూ మూతి ముడుచుకునే ఉంది.

అప్పుడు నావైపు తిరిగి, అసలుదే ఉంచమని నేను చెప్పాను కదా అంది. అసలుదే వేశానండీ అన్నాను. అసలుదంటే మునుపు ఉన్నది కదా అంది.

నిజమే. ఆ ఇంట్లో అసలుదంటే అదే. నాకు మాత్రం ఆ మాటకి కంపెనీ ప్యాకెట్ ఒక్కటే అర్థమైంది.

పాతది ఏదీ అని అడిగింది. రేపు తెస్తాను అని చెప్పి మెట్లు దిగిపోయాను. గబగబా దిగాను. పారిపోయాననే రాయాలి.

ఏప్రిల్ 18

డబ్బాల బాబాయ్ తలుపుకి తాళం. ఊళ్ళో లేడట. ఎవరో పాత షాపు కట్టేస్తుంటే సరుకు తేవడానికి వెళ్ళాడట. ఎప్పుడొస్తాడో పక్కింటివాళ్ళకి తెలియదు. ఫోను వాడడు మహానుభావుడు.

ఏప్రిల్ 19

పనికిరాదు, నాటు సరుకు. ఈ నోటితోనే అన్నాను. ఆయన పారేసి ఉంటే నేను ఆ మంచం పక్కకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?

ఏప్రిల్ 20

తాళం.

కండక్టరమ్మ ఫోను చేస్తే ఎత్తలేదు. మా ఆయన నా ఫోను ఎత్తి, మా ఆవిడ పని మీద వెళ్ళిందండీ అని అబద్ధం చెప్పాడు. తర్వాత నన్నేమీ అనలేదు. వెక్కిరించని మొగుణ్ణి చూస్తే ఇంకా భయమేసింది.

ఏప్రిల్ 21

బాబాయ్ వచ్చాడు. నేను మెట్ల మీద కూర్చుని ఉంటే బస్తాతో ఎదురుపడ్డాడు. మొహం చూసి, ఎవరు పోయారమ్మాయ్ అన్నాడు.

చెప్పాను. నేనేం అన్నానో, ఏం తెలుసుకున్నానో, ఏదీ దాచలేదు. ఆయన తాళం తీసి, బస్తా దించి, చేతులు కడుక్కున్నాడు. ఆయనకి ఏ తొందరా లేదు. మంచం చెక్క ఎత్తి, కింద నుంచి ఒక బిస్కెట్ల డబ్బా తీశాడు.

నేను ఈ గదికి చిన్నప్పుడు నాన్న వేలు పట్టుకుని వచ్చేదాన్ని. ఆ డబ్బా ఎప్పుడూ చూడలేదు. అసలువి ఒక వైపు, జెనరిక్‌వి ఒక వైపు, నాకు తెలిసింది అంతే. ఇది మూడో డబ్బా.

లోపల దూది మీద చిన్న చిన్న గాజు మూతలు, మూత కింద ఒక్కో పార్టు. కుట్టు సూదిని అరగదీసి చేసిన ఇరుసు. ఒక చక్రానికి పన్ను విరిగితే ఆ చోట వెండి ముక్క అతికి మళ్ళీ పన్నుగా కోసినది. గొడుగు ఊచ నుంచి తీసిన స్ప్రింగు. డబ్బా రేకు నుంచి కత్తిరించిన నిమిషాల ముల్లు, దానికి ఒక పక్కన ఇంకా ఎర్ర రంగు ఉంది. ఒక మర ఉంది, తల మీద గాడి సరిగ్గా మధ్యలో లేదు, కానీ మెరుగు చూస్తే అద్దం. ఒక్కదానికీ కంపెనీ లేదు, నంబరు లేదు, ప్యాకెట్ లేదు. ఎవరో ఎక్కడో దొరకదు అనే మాట ఒప్పుకోక, కూర్చుని చేశారు. ఎన్ని సాయంత్రాలు పట్టాయో, ఎన్ని పాడై చేతిలో ఒక్కటి మిగిలిందో.

నేను ఇన్నేళ్ళుగా ఇలాంటివి ఎన్ని తీసి పారేశానో.

ఎందుకు దాచావు బాబాయ్ అంటే ఆయన అన్న మాట ఇది. కంపెనీ పార్టుకి అడ్రసు ఉంది. డూప్లికేట్‌కి కూడా ఉంది, ఏదో సందులో ఏదో షెడ్డు. వీటికి లేదు. వచ్చి అడిగేవాళ్ళు ఉండరు. అందుకని నా మంచం కింద పెట్టుకున్నా.

చివరి వరసలో ఆవిడ ప్యాలెట్. గాజు మూత కింద, దూది మీద.

ఈ డబ్బాలోంచి ఇప్పటిదాకా ఒక్కటి కూడా బయటికి పోలేదట. నేను చెయ్యి చాపి అలాగే ఉన్నాను. ఆయన చాలాసేపు దాన్నే చూసి, పోనీలే, ఒక్కదానికైనా అడ్రసు దొరికింది అని నా అరచేతిలో పెట్టాడు. బిగించాక నన్నూ తీసుకెళ్ళు అన్నాడు. ఈయన ఒకరింటికి వెళ్ళడం నేను ఎరగను.

ఏప్రిల్ 22

పొద్దున్నంతా షాపు షట్టరు దించి మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. మొన్న దొంగని చూసినట్టు చూశాను. ఇవాళ చూశాను.

చేతులు రెండూ ఒకే కొలత. కొలవడానికి నా దగ్గరున్న పరికరానికి తేడా చిక్కలేదు. పళ్ళ ల్యాబులో ఇంత చిన్న కొలత ఎలా తీసిందో ఊహ అందడం లేదు. మధ్య రంధ్రం వెంట్రుకంత, గుండ్రంగా, లోపల కూడా మెరుగు పెట్టింది. రాళ్ళు మాత్రం కంపెనీవే. విరిగిన పాత ప్యాలెట్ నుంచి ఊడదీసి ఇందులో కూర్చింది. అవి గోటి అంచు మీద పెడితే కనిపించవు, జారితే ఇక చీపురుకే దొరకాలి. లక్క నల్లబడిందంటే మాడింది కాదు, పాతబడింది. ఎక్కువ పట్టించింది ఊడకూడదని. రాపిడి గీతలన్నీ ఒకే దిక్కుకి ఉన్నాయి. ఒక్కచోట కూడా విసుగు కనిపించలేదు.

నా వల్ల కాదు. రాసుకోవడానికి సిగ్గేం లేదు. నాన్న వల్ల కూడా అయ్యేది కాదు.

స్పిరిట్‌లో వెయ్యలేదు, లక్క కరిగిపోతుంది. పుల్ల చివర చెక్కుకుని, ఊపిరి బిగపట్టి తుడిచాను. కంపెనీ ప్యాలెట్ తీసి పొట్లంలో పెట్టాను, ఆవిడది దాని చోట పెట్టాను. కీ ఇచ్చాను. ఆడింది. కొత్త స్ప్రింగు బలానికి బ్రహ్మాండంగా ఆడింది. అంటే మొదటి నుంచీ వాచీకి వచ్చిన జబ్బు అదొక్కటే, అరిగిన స్ప్రింగు. అన్నీ అసలువే వెయ్యమన్న వాచీకి కావలసింది ఒకే ఒక్క జెనరిక్.

మెషీన్ మీద మళ్ళీ రెండు గీతలు, ఎడం ఎడంగా. తోక వంగినందువల్ల ఆ కుంటు. సవరిస్తే పోతుంది, ట్వీజరుతో ఒక్క నొక్కు. చేతులంత సరిగ్గా చేసిన మనిషికి తోక వంగిందని తెలియదా? ట్వీజరు తీసి సొరుగులో వేసేశాను.

ఏప్రిల్ 23

బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ మడతలు చూస్తే అదీ ఏ డబ్బాలోంచో తీసినట్టుంది. ఇద్దరం వెళ్ళాం. ఫిజియో అమ్మాయి అప్పటికే ఉంది, వాకరు విప్పి, మళ్ళీ మడవబోతోంది.

నేనేమీ పాఠం చెప్పలేదు. వాచీకి కీ ఇచ్చి పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెంటనే చెవికి ఎత్తలేదు. రెండు సార్లు మోసపోయిన మనిషి కదా. కాసేపు అరచేతిలో ఉంచుకుని, మెల్లగా ఎత్తాడు.

మొహం ఎలా మారిందో రాయడం నా చేత కాదు. జారిన మూతి జారినట్టే ఉంది. కానీ ఆ మొహంలోకి మనిషి తిరిగొచ్చాడు.

కండక్టరమ్మ, ఏదీ ఏదీ అంటూ ఆయన చేతిలోంచి లాక్కుని తన చెవికి పెట్టుకుంది. ఆవిడ ఆ వాచీని ఎప్పుడూ వినలేదట. ఆ గొంతు ఆగిపోవడం మొదటిసారి చూశాను. పైట నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

ఇది మా వదినే అంది.

చిన్నప్పుడు జ్వరం వచ్చి వదినకి ఒక కాలు పొట్టి అయిందట. ఒక చెప్పు అడుగు మందంగా కుట్టించుకునేదట. వరండా చివర నుంచే తెలిసేదట, ఒక అడుగు తొందరగా, ఒక అడుగు ఆలస్యంగా. సాయంత్రం ల్యాబు నుంచి వచ్చేటప్పుడు మెట్లెక్కి ఈ వరండాలో గబగబా వచ్చేస్తుంటే, వచ్చింది వచ్చింది అని అన్నయ్య కుర్చీలోంచి లేచి తలుపు తీసేవాడట. ఇది వదిన పరిగెత్తుకొస్తున్న చప్పుడే, వేరే కాదు అంది.

బాబాయ్ గోడ పట్టుకున్నాడు.

కావాలని చేసిందా అని అడిగాను. వదిన అలాంటి వేళాకోళం చేసే మనిషే అంది కండక్టరమ్మ. పెద్దాయన్ని అడగడానికి నోరు రాలేదు. తోక కావాలనే వంచిందో, చెయ్యి జారి వంగిందో మైక్రోస్కోపులో కనిపించదు. తెలియకపోతేనేం. ఎక్కడో పళ్ళ అచ్చుల మధ్య కూర్చుని ఒక మనిషి తన నడకని గింజంత ఉక్కులో పెట్టి మొగుడి మణికట్టుకి కట్టింది. తను పోయాక కూడా రోజూ వస్తూనే ఉంది.

ఆయన చెల్లెలి దగ్గర నుంచి వాచీ తీసుకున్నాడు. చెవికి పెట్టుకున్నాడు. తలుపు వైపు చూశాడు. కుడికాలు కింద పెట్టాడు.

ఫిజియో అమ్మాయి ఒక్క అంగలో వాకరు ముందుకు తెచ్చింది.

జూన్ 2

కండక్టరమ్మ ఫోను. అన్నయ్య వరండా చివరిదాకా వాకరు లేకుండా వెళ్ళొచ్చాడట. నడక వచ్చేసింది, ఇక ఎడమకాలి కుంటు ఒక్కటీ సరిచేసేద్దాం అందట ఫిజియో అమ్మాయి. ఆయన వద్దని తల ఊపాడట.